పర్లాకిమిడిలో రెండు రాత్రులు: ఒక లాడ్జి, ఒక బొగ్గు పార

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక లాడ్జివాడు మా దగ్గర అదనంగా లాగిన 1,720 రూపాయల సంగతి ముందు రాసేస్తాను. అది చెప్పకుండా రైలు కథ మొదలుపెట్టడానికి నాకు మనసు రావడం లేదు.

వెళ్లింది ముగ్గురం. నేను, డెబ్బై తొమ్మిదేళ్ల మా నాన్నగారు, పన్నెండేళ్ల మేనల్లుడు. నాన్నగారు రైల్వేలో ఫైర్‌మన్‌గా, అంటే ఇంజన్‌లో బొగ్గు వేసే పనిలో చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న లైను మీద తొమ్మిదేళ్లు ఆవిరి ఇంజన్లతో గడిపారు. "ఒక్కసారి ఆ లైను మీద వెళ్లొద్దాం రా, మళ్లీ మోకాళ్లు సహకరించవు" అని రెండేళ్లుగా అంటున్నారు. డిసెంబరు చివర్లో కుదిరింది.

నాలుగు రోజుల ముందే లాడ్జికి ఫోన్ చేశాను. కింద గదే కావాలి, పెద్దాయన మెట్లెక్కలేరు, ఏసీ అక్కర్లేదు, వేడినీళ్లు మాత్రం తప్పనిసరి అని మూడుసార్లు చెప్పాను. "రోజుకి 1,100 సార్, గీజర్ ఉంది, 500 అడ్వాన్స్ వెయ్యండి" అన్నాడు. వేశాను. తీరా మధ్యాహ్నం మూడింటికి వెళ్తే కింద గదులన్నీ పెళ్లివాళ్లకి ఇచ్చేశాడు. మిగిలింది రెండో అంతస్తులో ఏసీ గది, 1,600. చలికాలంలో ఏసీ ఎందుకయ్యా అంటే "రిమోట్ ఇవ్వను, కానీ రేటు అదే" అన్నాడు. పిల్లాడికి అదనపు పరుపు రోజుకి 300. బాత్రూంలో గీజర్ ఉంది, దానికి వైరు లేదు. వేడినీళ్లు బకెట్టు 30 చొప్పున రెండు రోజుల్లో నాలుగు బకెట్లు. బిల్లు మీద మాత్రం రోజుకి 1,100 అనే రాశాడు. మిగతాదంతా చిత్తు కాగితం మీద లెక్క. అడ్వాన్సు 500 తగ్గించాడు, అంతవరకు నిజాయితీ.

డబ్బు పోతే పోయింది. ఆ మెట్లు ముప్పై ఎనిమిది. మలుపు మలుపుకీ నాన్నగారు గోడకి చెయ్యి ఆన్చి నిలబడ్డారు. నేను కౌంటర్ దగ్గర గొడవ పడుతుంటే "వదిలెయ్యరా, పరాయి ఊళ్లో ఎందుకు" అన్నారు. ఆ ఊరు ఆయనకి పరాయిదని ఆయన నోటితో అనడం నాకు చాలా బాధనిపించింది. ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు.

కాబట్టి పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే. గది వీడియో, రేటు, ఏ అంతస్తు అన్నది వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ వెయ్యండి. రాయనంటే ఆ లాడ్జి వద్దు. అసలు టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో దిగి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చెయ్యడం మేలు. ఎందుకంటే రైలు అంత చవక. శ్రీకాకుళం నుంచి నౌపడ స్టేషనుకి కారుకి 1,500 ఇచ్చాం. అక్కణ్ణుంచి పర్లాకిమిడికి ముగ్గురికీ కలిపి టికెట్టు 30 రూపాయలు.

నేరుగా పర్లాకిమిడికే కారులో వెళ్లిపోవచ్చు. కానీ నౌపడలో బండెక్కాలన్నది నాన్నగారి పట్టు. లైను పుట్టింది అక్కడే మరి. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి తన ఊరిని 40 కిలోమీటర్ల దూరంలోని నౌపడతో, అంటే మద్రాసు–కలకత్తా పెద్ద లైనుతో కలపాలని సంకల్పించారు. 1898లో అనుమతి వచ్చింది. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో లైను వేసి 1900 ఏప్రిల్ 1న బళ్లు మొదలుపెట్టారు. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. ఇప్పటి బ్రాడ్‌గేజ్ అయిదున్నర. మొదటి పదేళ్లు నష్టాలే వచ్చినా మూసెయ్యలేదు. లాభాలు కనబడ్డాక 1929లో కొంత, 1931లో మిగతాది వేసి గుణుపురం దాకా పొడిగించారు. ఒక సంస్థానం తన డబ్బుతో, తన జనం కోసం వేసుకున్న లైను ఇది. మన శ్రీకాకుళం జిల్లా పిల్లలకి ఈ సంగతి పాఠంలో చెప్పాలని నేను గట్టిగా అంటాను.

2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్ బండి వచ్చేసరికి 2011 ఆగస్టు. ఏడేళ్లు ఆ ఊళ్లకి రైలు కూతే లేదు.

మా బండి టెక్కలి దాటాక మేనల్లుడు "తాతయ్యా, ఎలా ఉంది?" అన్నాడు. "ఊగడం లేదురా. చిన్న బండిలో టీ గ్లాసు నిండుగా పట్టుకుంటే సగం లుంగీ మీదే" అన్నారు. పాతపట్నం వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు. కిటికీలోంచి పొలాలే చూస్తూ కూర్చున్నారు.

రెండో రోజు పొద్దున్నే ఆయన ముఖం మారింది. అప్పట్లో తన దగ్గర ఫైర్‌మన్‌గా పనిచేసినాయన అదే ఊళ్లో ఉన్నారు. ఫోన్ చేస్తే పావుగంటలో ఆటో వేసుకుని లాడ్జికి వచ్చేశారు. "ఏటి డ్రైవరు గారూ, మా ఊరొచ్చి లాడ్జీలో దిగుతారా? సిగ్గేత్తంది నాకు" అని కౌంటర్ దగ్గరే కేకలేశారు. నాన్నగారు నవ్వడం ఆ ప్రయాణంలో అదే మొదటిసారి చూశాను.

ఆయన తన ఇంటికి తీసుకెళ్లి పెట్టిన భోజనం నేను మరిచిపోలేను. ఉలవచారు, నువ్వుల పొడి, వేడి అన్నం మన పద్ధతే. దాంతోపాటు వాళ్లావిడ, పిన్నిగారు, ఒడియా వంటకం డాల్మా చేశారు. కందిపప్పులో బొప్పాయి కాయ, గుమ్మడి, వంకాయ, చేమదుంప ముక్కలు వేసి ఉడికించి, పైన వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుతారు. పక్కింటి ఒడియా ఆవిడ దగ్గర నేర్చుకున్నారట. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా, కూరల బజారులో రెండూ. 1936లో ఒరిస్సా ఏర్పడి ఈ ఊరు అటు వెళ్లిపోతే, ఇక్కడే దశాబ్దాలు పాఠాలు చెప్పి సవర భాష మీద పనిచేసిన గిడుగు రామమూర్తి గారు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి తరలిపోయారు. ఊరు ఎటు వెళ్లినా వంటింట్లో రెండూ కలిసే ఉన్నాయి.

భోజనాలయ్యాక ఆ ఇంటి పెద్దాయన మంచం కిందనుంచి గోనెపట్టా చుట్ట లాగారు. విప్పితే బొగ్గు పార. రేకు అంచు ఒక పక్కే అరిగి, నెలవంకలా వంగిపోయింది. కర్ర మాత్రం చెయ్యి పట్టే చోట నునుపుగా మెరుస్తోంది. తువ్వాలులో చుట్టిన ఇంకో వస్తువు గేజ్ గ్లాసు, చిటికెన వేలంత లావు గాజు గొట్టం. బాయిలర్లో నీళ్లెంత ఉన్నాయో చూపించేది అదే.

మేనల్లుడు పార ఎత్తబోతే "అలాక్కాదు బాబూ" అని వెనక నిలబడి రెండు చేతులూ పట్టుకుని చూపించారు. ఇంజన్‌లో నిప్పు మండే పెట్టెలో బొగ్గు కుప్పగా పొయ్యకూడదు. వెనక మూలలకి కాస్త ఎక్కువ, తలుపు పక్కలకి కాస్త, మధ్యలో పలచగా. కొంచెం కొంచెంగా, ఎడతెగకుండా. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చల్లగాలి లోపలికి దూరి ఆవిరి పడిపోతుంది. బాయిలర్లో నీళ్లు తగ్గితే ఆ నిప్పుపెట్టె పైకప్పు రేకు కాలిపోతుంది. అందుకే దానికి సీసం ప్లగ్గు బిగిస్తారు. రేకు మీద నీళ్లు లేకపోతే ఆ సీసం కరిగిపోయి ఆవిరి కిందికి చిమ్మి నిప్పుని అణుస్తుంది. "ప్లగ్గు కరిగిందంటే ఫైర్‌మన్ మొహం ఎత్తుకు తిరగలేడు. నా సర్వీసులో ఒక్కటీ కరగలేదు" అన్నారు. నాన్నగారు వెంటనే "నేను సాక్షి" అన్నారు.

పిల్లాడు ఇప్పటికీ నడిచే పాత ఇంజన్ ఏదైనా ఉందా అని అడిగాడు. అప్పుడు నాన్నగారు ఫెయిరీ క్వీన్ కథ మొదలుపెట్టారు. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్సన్ కంపెనీ తయారుచేసిన ఇంజన్ అది. అదే ఏడాది కలకత్తా చేరింది. ఈస్ట్ ఇండియన్ రైల్వే 22 అని నంబరిచ్చింది. ఫెయిరీ క్వీన్ అన్న పేరు పెట్టింది 1895లో. హౌరా–రాణీగంజ్ మధ్య మెయిలు బళ్లు లాగింది, 1857లో సైనికుల్ని మోసింది, చివర్లో బీహార్‌లో లైను పనులు చేసింది. 1909లో పక్కన పెట్టేశారు. హౌరా స్టేషను బయట 34 ఏళ్లు అలా నిలబడిపోయింది. 1943లో చందౌసిలోని రైల్వే శిక్షణ స్కూలుకి పంపారు. తర్వాత ఢిల్లీ రైలు మ్యూజియానికి చేరింది.

ఇక్కడ నాన్నగారి గొంతు మారింది. "1997లో మద్రాసు పెరంబూరు రైల్వే వర్క్‌షాపు వాళ్లు దాన్ని మళ్లీ బతికించారు. జూలై 18న మెయిన్ లైను మీద నడిచింది, 88 ఏళ్ల తర్వాత. మనవాళ్లు చేశారు బాబూ." ఆ అక్టోబరు నుంచి ఢిల్లీ–ఆల్వార్ మధ్య టూరిస్టు బండి లాగింది. 1998లో, క్రమం తప్పకుండా నడిచే ఇంజన్లలో అన్నిటికన్నా పాతదిగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాని తోడబుట్టిన 21 నంబరు ఇంజన్ కూడా పెరంబూరులోనే బాగై 2010 ఆగస్టు 15న నడిచింది.

2011లో దొంగలు పడి ఫెయిరీ క్వీన్ భాగాలు ఊడదీసుకుపోయారని చెబితే పెద్దాయన పార కింద పెట్టేశారు. "తల్లిలాంటి దాన్ని" అని ఇంకేం అనలేకపోయారు. దాన్ని మళ్లీ పెరంబూరు తీసుకెళ్లి, పోయిన భాగాలు చేసి, 2012 డిసెంబరు 22న నడిపారు.

ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్నాక నాకు గట్టిగా అనిపించిందేమిటంటే, రంగు వేసి దిమ్మ మీద నిలబెడితే ఇంజన్‌ని కాపాడినట్టు కాదు. ఫెయిరీ క్వీన్ రెండుసార్లు లేచిందంటే భాగం పోతే భాగం చెయ్యగల చేతులు పెరంబూరులో ఉండబట్టే. నిప్పు పెట్టడం, నీళ్లు చూడడం తెలిసిన మనుషులు ఈ లైను పొడవునా ఇంకా కొందరున్నారు. అందరికీ డెబ్బై దాటాయి. వాళ్ల మాటలు వీడియో తీసి పెట్టడానికి ఖర్చేమీ కాదు. నేను గంటా ఇరవై నిమిషాలు తీశాను. మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే ఈ సంక్రాంతికే తియ్యండి.

పార ఏదైనా మ్యూజియానికి ఇచ్చెయ్యొచ్చుగా అని అడిగాను. "పిల్లలు చేత్తో పట్టుకోనిస్తామంటే రేపే ఇచ్చెత్తాను. అద్దాల పెట్లో పెడతామంటే ఇవ్వను" అన్నారు.

మూడో రోజు గుణుపురం దాకా వెళ్లి వచ్చాం. మనిషికి 20 రూపాయలు, వంశధార ఒడ్డున చక్కటి ప్రయాణం, ఏ ఇబ్బందీ లేదు. పర్లాకిమిడి బజారులో కొమ్ముతో చేసిన కొంగబొమ్మ 350కి కొన్నాను. 500 చెప్తారు, బేరం ఆడండి, కానీ మరీ నలిపెయ్యకండి. ఒక్కొక్కటీ చేత్తో రుద్ది మెరుపు తెస్తారు.

తిరుగు బండికి పెద్దాయన స్టేషనుకి వచ్చారు. పిన్నిగారు కట్టిన పెరుగన్నం డబ్బా ఇచ్చి, జేబులోంచి ఆ తువ్వాలు చుట్ట తీసి మేనల్లుడి చేతిలో పెట్టారు. నాన్నగారు వద్దని ఎంత చెప్పినా వినలేదు. బండి కదిలాక పిల్లాడు కుడి అరచెయ్యి తెరిచి నాకు చూపించాడు. బొటనవేలి కింద బొబ్బ. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని దాన్ని దగ్గరగా చూసి, "సరిగ్గా పట్టుకున్నావు, అక్కడే లేవాలి" అన్నారు. గేజ్ గ్లాసుని నౌపడ దాకా ఒళ్లోనే పెట్టుకున్నారు.