లూథర్ ఊళ్ళలో మూడు రోజులు, ఆర్‌సీఎం బావతో

మేం లూథరన్, అంటే 1500ల్లో పోప్‌ని ఎదిరించిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ దారిలో నడిచే ప్రొటెస్టెంట్లం. అక్కని ఇచ్చింది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళకి. గుంటూరులో ఇదేమీ వింత కాదు, కానీ క్రిస్మస్ భోజనాల దగ్గర "బైబిల్ పెద్దదా, సంఘం పెద్దదా" అనే వాదన ఏటా జరుగుతుంది. నేను జర్మనీలో ఉంటున్నా కాబట్టి బావ ఆఫీసు పని మీద వచ్చినప్పుడు ఆ గొడవ పుట్టిన ఊళ్ళకే తీసుకెళ్ళా.

లీప్‌జిగ్‌లో దిగాం. రూమ్ చవకే, స్టేషన్‌కి దగ్గరే, కాకపోతే రాత్రి పదింటికి వెళ్తే రిసెప్షన్‌లో ఎవరూ లేరు, తాళం పెట్టెకి కోడ్ మెయిల్‌లో రావాలి, అది రాలేదు. నలభై నిమిషాలు చలిలో నిలబడ్డాం. బావ మాత్రం "పెద్ద దిక్కు లేకపోతే ఇంతేరా" అని నవ్వుతున్నాడు.

విట్టెన్‌బెర్గ్ రైల్లో గంటలోపే. అందరూ ఫోటో దిగే చర్చి తలుపు 1858లో పెట్టిన కంచుది, పాత చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. చర్చి డబ్బుకి అమ్మే పాపక్షమాపణ పత్రాల్ని తప్పుబడుతూ రాసిన 95 వాదాల్ని లూథర్ 1517 అక్టోబర్ 31న ఆ తలుపుకి నిజంగా మేకు కొట్టాడా అన్నదానిమీద చరిత్రకారులకే పడదు. లోపల లూథర్ సమాధి బావుంది, ప్రశాంతంగా. వీధంతా లూథర్ బీరు, లూథర్ సాక్స్, సగం పూట చాలు.

నన్నడిగితే అసలు గొడవ ముదిరింది లీప్‌జిగ్‌లో. 1519లో పోప్ పక్షాన యోహాన్ ఎక్ అనే పండితుడు వాదనలో లూథర్‌ని మూలకి నెట్టాడు. 1415లో కాన్‌స్టన్స్‌లో కూడిన చర్చి పెద్దల సభ చెక్ బోధకుడు యాన్ హుస్‌ని మంటల్లో కాల్చించింది కదా, ఆ సభది తప్పంటావా అని. సభలు కూడా తప్పు చేయగలవు అన్నాడు లూథర్. పాపక్షమాపణ పత్రాల తగువు కాస్తా అధికారం ఎవరిదన్న తగువైపోయింది. ఆ వాదన జరిగిన కోట ఇప్పుడు లేదు, ఆ స్థలంలో కొత్త టౌన్‌హాల్ ఉంది. జనం లేరు, టికెట్ లేదు. అక్కడే మెట్లమీద కూర్చుని బావ అడిగాడు, "సరే, సభలు తప్పు చేస్తాయి, మరి బైబిల్లో ఏ పుస్తకాలుండాలో తేల్చింది ఎవర్రా?" మా దాంట్లో 66, వాళ్ళ దాంట్లో 73. ఇక్కడ నాకెప్పుడూ జవాబు సగమే వస్తుంది.

మూడో రోజు ఐజెనాక్, కొండమీద వార్ట్‌బుర్గ్ కోట. చివరి ఎక్కుడు మోకాళ్ళు పట్టేస్తుంది, పెద్దవాళ్ళతో అయితే ఆలోచించుకోండి. 1521లో ఇక్కడ దాక్కున్న లూథర్ కొత్త నిబంధనని గ్రీకు నుంచి పదకొండు వారాల్లో జర్మన్‌లోకి మార్చాడు. మనిషి విశ్వాసంతో నీతిమంతుడౌతాడనే రోమా 3:28లో గ్రీకులో లేని "మాత్రమే" అన్న మాట కలిపాడు, బావ దాన్ని వదల్లేదు. "మన తెలుగు బైబిల్లోనూ 'విశ్వాసమువలననే' అని ఆ 'నే' దూరింది చూడు" అన్నాడు. నేనింతవరకు గమనించనే లేదు! ఇక గదిలో ఉన్న బల్ల లూథర్‌ది కాదట, అసలుదాన్ని యాత్రికులు ముక్కముక్కగా చెక్కుకుపోయారట. "పరిశుద్ధుల ఎముకల్ని దాచుకుని గౌరవించడం వద్దన్నవాళ్ళు బల్ల చెక్కలు పట్టుకుపోయారా" అని బావ ఎంతసేపు నవ్వాడో.

ఒక్క రోజే ఉంటే వార్ట్‌బుర్గ్ వెళ్ళండి, మంచి బూట్లు వేసుకోండి. తిరుగు రైల్లో బావ ఫోన్‌లో వాళ్ళ 73లోనే ఉండే మక్కబీయుల గ్రంథం తెరిచి చదవడం మొదలెట్టాడు, నేను నిద్ర నటించా.