ఏలూరు రోడ్డు సందులో పుస్తకాల షాపు, ఆరేళ్లుగా తీసుకుంటున్న చలికాలం చీటీ

విజయవాడలో చలికాలం అంటే మహా అయితే రెండు నెలలు. కార్తీకం చివర్లో వచ్చి, సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకే సర్దుకుంటుంది. ఏడాది మొత్తంలో ఫ్యాను ఆపేసి, కాళ్ల మీద దుప్పటి వేసుకుని చదువుకోగలిగేది ఆ రోజుల్లోనే. ఆ రెండు నెలలకీ ఏం చదవాలో ఏలూరు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక చిన్న పుస్తకాల షాపాయన ఏటా చీటీ రాసి ఇస్తారు. 2019 నుంచి ఒక్క ఏడాది కూడా వదలకుండా తీసుకుంటున్నాను. ఆరు చలికాలాలు, ఆరు చీటీలు. అన్నీ బీరువాలో దాచుకున్నాను. ఇప్పుడు వాటిని ముందు పెట్టుకునే ఇది రాస్తున్నాను.

షాపు చాలా చిన్నది. ముగ్గురు లోపలికి వెళితే నాలుగో మనిషి మెట్టు మీదే ఆగాలి. ఆయన్ని అందరూ బాబాయిగారూ అంటారు, నేనూ అంతే. చీటీ అంటే బిల్లు పుస్తకంలోంచి చింపిన కాగితం. వెనకవైపు ఎనిమిదో తొమ్మిదో పేర్లు ఉంటాయి. ఒక్కో పేరు పక్కన గొప్ప పుస్తకం, తప్పక చదవాల్సింది అని ఎక్కడా ఉండదు. ఎలా చదవాలో ఉంటుంది. ‘ఒక్క రాత్రిలో’. ‘పైకి చదవాలి, పక్కన ఎవరైనా ఉండాలి’. ‘రోజుకు నాలుగు పేజీలు దాటొద్దు’. నన్ను ఆరేళ్లు ఆ షాపుకు తిప్పింది పుస్తకాల పేర్లకంటే ఆ పక్క మాటలే.

మొదటి చీటీలో మొదటి పేరు కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పక్కన ‘ఒక్క రాత్రిలో, మధ్యలో లేవకుండా’ అని రాశారు. చిన్న నవలే. తప్పిపోయిన చూడి పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళతాడు. ఆ చీకట్లో ఆయనకీ అడవికీ మధ్య జరిగేదే కథ. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగించాను. బయట మంచు పడుతోంది, వీధిలో కుక్క ఒకటి మొరుగుతోంది, నేను ఆ అడవిలోంచి బయటకు రాలేకపోతున్నాను. అదే పుస్తకాన్ని బస్సులో పది పేజీలు, ఆఫీసులో పది పేజీలు చదివి ఉంటే ఇలా పట్టుకునేది కాదని నాకు గట్టి నమ్మకం. కేశవరెడ్డిగారు నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టరు అని మర్నాడు షాపులో బాబాయిగారు చెబితేనే తెలిసింది. ఆ ముసలివాడి ఒంటి నొప్పిని అంత దగ్గరగా ఎలా రాశారా అనుకున్నాను. డాక్టరని తెలిశాక మళ్లీ చదివాను.

రెండో చలికాలం కరోనాది. షాపు తలుపు సగమే తెరిచేవారు, చీటీ ఫోన్లో చదివి వినిపించారు. పార్సిల్ రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ ఏడు ఆయన చెప్పిన ‘కాశీయాత్ర చరిత్ర’ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలకు పైగా దారిలోనే. ఏ ఊళ్లో దిగారు, అక్కడ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లు ఉన్నాయా, తర్వాత మజిలీ ఎంత దూరం అన్నదంతా రాస్తూ వెళ్లారు. 1838లో అచ్చయింది. తర్వాత కాలంలో, 1941లో, దాన్ని పరిష్కరించి మళ్లీ వేయించింది మన బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావుగారే.

‘రోజుకు ఒక మజిలీ’ అని రాసుకోమన్నారు బాబాయిగారు. మొదటి వారం విసుగొచ్చింది. ఊరి పేరు, నదీ, సత్రమూ, మళ్లీ ఊరి పేరు. రెండో వారం నుంచి రాత్రి అన్నం తిన్నాక ఇవాళ ఎక్కడ దిగుతారో అని ఎదురుచూడటం మొదలైంది. ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేని ఆ రోజుల్లో, ఒక పెద్దమనిషి పల్లకీ వెనకాల రోజుకు కొంత దూరం నడిచినట్టు ఉండేది. నాలుగు రోజుల్లో ముగించేయాలని చూసేవాళ్లకు ఈ పుస్తకం నచ్చదు. పాత వచనం కాబట్టి భాషకు కూడా కాస్త ఓపిక పట్టాలి. నాకు ఇప్పటికీ ఆ చలికాలం గుర్తొస్తే భయం కంటే ముందు ఆ ప్రయాణమే గుర్తొస్తుంది.

‘పైకి చదవాలి’ అన్న మాట విలువ మాత్రం 2021లో తెలిసింది. మా అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయింది. చదవొద్దన్నారు, టీవీ చూడొద్దన్నారు. ఆవిడకు పొద్దు గడవడం లేదని చెబితే బాబాయిగారు ‘నీకే కాదమ్మా, ఈసారి ఆవిడకి కూడా విడిగా రాస్తాను చీటీ’ అని శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ పేరు ఒక్కటే రాసి ఇచ్చారు. వేదం, సంస్కృతం చదువుకునే ఇంట్లో పుట్టిన కుర్రాడు తెలుగు మీద మనసు పడి, ఇంట్లోవాళ్లకు ఇష్టం లేకపోయినా తెలుగు రచయిత కావడం అందులో కథ. రోజూ సాయంత్రం ఆరింటికి దీపం పెట్టాక అరగంట చదివేదాన్ని. మూడో రోజుకే ఆవిడ నన్ను ఆపడం మొదలుపెట్టారు. ‘ఆ మాట మా అమ్మమ్మ అనేది, మళ్లీ చదువు.’ అత్తయ్యగారిది తూర్పు గోదావరి. ఆవిడ పుట్టింటి మాటలు, పాతికేళ్లుగా ఈ ఇంట్లో ఎప్పుడూ వినని మాటలు, ఆ పుస్తకంలోంచి ఒక్కొక్కటే ఆవిడ నోటికి వచ్చాయి. పెళ్లిలో జరిగిన ఒక గొడవ గురించి ఆవిడ మొదటిసారి నాకు చెప్పింది కూడా ఆ సాయంత్రాల్లోనే. కళ్లు బాగుపడ్డాక కూడా ‘నువ్వే చదువు’ అన్నారు. సంక్రాంతి పనులు మొదలైనా ఆపలేదు.

అన్నీ ఇలాగే కుదిరాయని చెప్పను. ‘వేయిపడగలు’ మూడో ఏడు నా చీటీలో ఉంది. విశ్వనాథవారు చెబుతుంటే 29 రోజుల్లో రాయడం అయిపోయిందంటారు, చదవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. మధ్యలో ఒకసారి పూర్తిగా వదిలేశాను. ‘ఆముక్తమాల్యద’ అయితే ఇప్పటికీ సగంలోనే ఉంది. ధనుర్మాసంలో రోజుకొక పాశురం చొప్పున తిరుప్పావై 30 రోజులు చదివాను కదా, అది పాడిన గోదాదేవి కథే ఇది అని ఆయన ఆశపెట్టారు. కానీ కృష్ణదేవరాయల పద్యం నాలాంటి వాళ్లకు పంటికింద రాయిలా తగులుతుంది. పక్కన వ్యాఖ్యానం ఉన్న ప్రతి ఇచ్చి ఉండాల్సింది. ఆ పేజీల వల్ల ఒక్క మేలు మాత్రం జరిగింది. ఆ కావ్యం రాయమని రాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో చెప్పిన శ్రీకాకుళం మన కృష్ణా ఒడ్డునే ఉందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున్నే మంచులో వెళ్లి గుడి చూసి వచ్చాం.

అసలు ఫిర్యాదులు వేరే ఉన్నాయి. మొదటి రెండు చీటీల్లో దాదాపు అన్నీ కోస్తా పుస్తకాలే. తెలంగాణ, రాయలసీమ కనిపించలేదు. అది నాకు బాధ అనిపించి ముఖం మీదే అడిగాను. ఆయన ఏమీ అనలేదు. 2021 నుంచి చీటీలో దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ లాంటివి వచ్చాయి. ‘కొండపొలం’ కరువు రోజుల్లో గొర్రెల్ని నల్లమలకు తోలుకెళ్లే కథ. చలికాలానికి ఏమిటిది అనుకున్నాను, కానీ నీళ్ల కోసం అంత అల్లాడే మనుషుల్ని దుప్పటిలో కూర్చుని చదవడం వేరే రకంగా గుచ్చుకుంటుంది. ఆడవాళ్లు రాసిన పుస్తకాలు మాత్రం ఇప్పటికీ తక్కువే. ఏడాదికి ఒకటో రెండో. దీని గురించి ఈసారి కూడా అడుగుతాను.

ఇంకొకటి, చీటీలో ఉన్న పుస్తకాల్లో కొన్ని షాపులోనే ఉండవు. ముద్రణలో లేవు. వాటిని ఎందుకు రాస్తారంటే, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల వాళ్ల దగ్గర వెతుకు, దొరుకుతుంది అంటారు. మాస్కోలోని రాదుగ ప్రచురణాలయం వాళ్లు వేసిన రష్యన్ పుస్తకాల అనువాదాలు రెండు అలాగే దొరికాయి, అట్ట కూడా చెదరలేదు. కానీ ఊళ్లో లేనివాళ్లకు, ఉద్యోగం చేస్తూ ఆదివారం ఒక్కటే ఖాళీ ఉన్నవాళ్లకు ఇది కష్టం. కొత్త ముద్రణల్లో కొన్ని జిగురు బైండింగువి, రెండోసారి తెరిచేసరికి పేజీలు ఊడి చేతికొచ్చాయి. అది షాపు తప్పు కాకపోయినా, అమ్మేటప్పుడు చెబితే బాగుండేది. పిల్లలకు చీటీ లేదు, మా అమ్మాయి అడిగితే ‘పెద్దయ్యాక రా తల్లీ’ అన్నారు. అది నాకు నచ్చలేదు.

ఇన్ని ఉన్నా మార్కులు వేయమంటే ఐదుకి నాలుగున్నర వేస్తాను. తగ్గించిన అర, పిల్లల కోసం.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. కార్తీక పౌర్ణమి దాటాక వారం రోజుల్లో వెళ్లండి. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం మొదలైతే ఆయన అక్కడ స్టాల్లో ఉంటారు, జనం మధ్యలో చీటీ రాయడం కుదరదు. ముందే చీటీ చేతిలో ఉంటే అక్కడి వందల స్టాళ్లలో తికమకపడకుండా కావలసింది కొనుక్కోవచ్చు కూడా. సాయంత్రం ఐదు తర్వాత అయితే తీరిగ్గా మాట్లాడతారు. చీటీకి డబ్బు తీసుకోరు, అక్కడే కొనాలని పట్టుబట్టరు. ఏం చదివారని ఆయన అడగరు. ఏం వదిలేశారు, ఎన్నో పేజీ దగ్గర, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది అని అడుగుతారు. గుర్తు తెచ్చుకుని వెళ్లండి. పోయినేడు ‘ఆముక్తమాల్యద’ ఎక్కడ ఆగిందో చెప్పడానికి నా దగ్గర జవాబు లేక, వచ్చే ఏడు చెప్పమ్మా అని చీటీలో ఆ పేరు మళ్లీ రాసి ఇచ్చారు. ఈసారి పేజీ నంబరు రాసి పెట్టుకున్నాను.