నివేదిక బాగుంది, బోనెక్కేదెవరు? ఒక డిజిటల్ ఫోరెన్సిక్ ల్యాబ్ సేవలపై సమీక్ష

భాగస్వామ్య వ్యాపారానికి సంబంధించిన ఒక దావాలో మా కక్షిదారు ఆండ్రాయిడ్ ఫోనును, లాప్‌టాప్ హార్డ్ డిస్కును హైదరాబాదులోని ఒక ప్రైవేటు డిజిటల్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పరీక్ష చేయించాము. దావా ఇంకా నడుస్తున్నందున ల్యాబ్ పేరు రాయడం లేదు. ‘కోర్టులో నూటికి నూరు శాతం చెల్లే నివేదిక’ అన్నది వారి ప్రకటన. ఆ హామీని పక్కన పెడితే వీరి చేతిపని శ్రద్ధగా ఉంది, రాతపనిలో తొందర కనిపించింది, సాక్ష్యం చెప్పే బాధ్యత దగ్గర తటపటాయింపు ఉంది.

వస్తువులు తీసుకున్న తీరుకు మంచి మార్కులే వేయాలి. ఫోను ఐఎంఈఐ నంబరు, డిస్కు సీరియల్ నంబరు మా ఎదుటే నమోదు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకున్నారు. డిస్కును రైట్ బ్లాకర్ (డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా అడ్డుకునే పరికరం) ద్వారా మాత్రమే కలిపి నకలు తీశారు. అసలు డిస్కుకూ నకలుకూ ఎస్‌హెచ్‌ఏ 256 హ్యాష్ విలువలు (సమాచారం మొత్తం నుంచి లెక్కకట్టే, వేలిముద్ర లాంటి సంఖ్యలు; సమాచారం కొంచెం మారినా ఇవి మారిపోతాయి) సరిపోయాయని తెర మీద చూపించారు. ఫోను విషయంలో అంత ధీమాగా చెప్పలేమని వారే ముందుగా హెచ్చరించడం నచ్చింది. ఆన్‌లో ఉన్న ఫోను తనలో తాను ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది కాబట్టి రెండుసార్లు సమాచారం తీస్తే రెండు హ్యాష్‌లూ ఒకటి కాకపోవచ్చు.

సర్టిఫికెట్ దగ్గర మొదటి చిక్కు వచ్చింది. అన్వర్ కేసులో 2014లోనూ, అర్జున్ పండిత్‌రావు కేసులో 2020లోనూ సుప్రీంకోర్టు చెప్పిన మాట ప్రకారం, అసలు పరికరాన్ని హాజరుపరచకుండా నకలు దాఖలు చేస్తే పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ సర్టిఫికెట్ (నకలును ఏ పరికరం నుంచి, ఎలా తీశారో ధ్రువీకరించే పత్రం) తప్పనిసరి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ దాని స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. మొదటిది దాఖలు చేసే పక్షానిది, రెండోది నిపుణుడిది. మాకు వచ్చిన తొలి ప్రతిలో నిపుణుడి చోట సంతకం చేసింది పరీక్ష చేసిన విశ్లేషకుడు కాదు, ఫీజు మాట్లాడిన మేనేజరు. అడిగిన వెంటనే మార్చారు, కానీ అడగవలసి రావడమే విచిత్రం.

అంతకంటే పెద్ద లోపం వాట్సాప్ పట్టికలో ఉంది. ఒప్పందం ప్రకారం రద్దు తెలపడానికి గడువు 14వ తేదీ అర్ధరాత్రి. ప్రతివాది సందేశం ఆ రాత్రి 1.10కి, అంటే తేదీ మారాక వచ్చింది. పట్టికలో మాత్రం ‘14వ తేదీ, 19.40’ అని ఉంది. వాట్సాప్ తన డేటాబేసులో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్కలో దాచుకుంటుంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేరులో భారత కాలమానం ఎంచుకోకపోతే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలమానం) ప్రకారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తుంది. ఏ కాలమానమో పట్టికలో ఎక్కడా రాయలేదు. ఆ కాగితాన్ని అలాగే దాఖలు చేసి ఉంటే, గడువు దాటాక వచ్చిన రద్దు గడువులోపే అందినట్టు మన చేత్తో మనమే నిరూపించినట్టయ్యేది! విశ్లేషకుడు మాత్రం వాదనకు దిగలేదు. డేటాబేసులోని ఆ వరుసను తెరిచి, అసలు అంకెను చూపి, లెక్క కట్టి, సవరించిన నివేదికలో మార్పుకు కారణాన్ని కూడా రాసి ఇచ్చారు. పాత ప్రతిని మాయం చేయకపోవడం సరైన పద్ధతి.

‘హ్యాష్ సరిపోయినందున సందేశాలు నిజమైనవని నిర్ధారించడమైనది’ అన్న వాక్యాన్ని తీయించడానికి మాత్రం గట్టిగానే చెప్పవలసి వచ్చింది. నకలు తీసిన తర్వాత అందులో మార్పు జరగలేదని మాత్రమే హ్యాష్ చెబుతుంది. అంతకుముందు ఎవరు టైపు చేశారో, ఫోను ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. సాఫ్ట్‌వేరు చూపిన అంకెకు కూడా హద్దులుంటాయి. ఫ్లోరిడాలో 2011లో కేసీ ఆంథోనీ అనే మహిళ నిందితురాలిగా జరిగిన హత్యకేసు విచారణలో, క్లోరోఫామ్ గురించిన ఒక వెబ్ పేజీని 84 సార్లు చూశారని సాఫ్ట్‌వేరు తయారుచేసిన వ్యక్తే సాక్ష్యం చెప్పారు. తర్వాత ఆయనే మళ్లీ పరిశీలించి, చూసింది ఒక్కసారేనని తేల్చారు. మరో సాఫ్ట్‌వేరుతో పోలీసులు అంతకుముందే తీసిన నివేదికలో ఒకటనే ఉంది. అందుకే కీలకమైన ఆ ఒక్క సందేశాన్నైనా రెండో సాఫ్ట్‌వేరుతో సరిచూడమని కోరాము. అదనపు రుసుము తీసుకుని చేశారు, ఫలితం ఒకటే వచ్చింది.

‘ప్రభుత్వ గుర్తింపు’ గురించి అడిగితే ఐఎస్ఓ పత్రం చూపించారు. ఐటీ చట్టం 79ఏ సెక్షన్ కింద కేంద్రం ప్రకటించే ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుల హోదా వేరు. ఆ హోదా లేకపోయినా ప్రత్యేక నైపుణ్యం ఉన్న వ్యక్తిగా విశ్లేషకుడిని సాక్షిగా పిలవవచ్చు. అయితే ఆయన చదువు, అనుభవం, వాడిన సాఫ్ట్‌వేరు వెర్షన్ మీద క్రాస్ ఎగ్జామినేషన్ గట్టిగానే ఉంటుంది. ఆ మూడు వివరాలూ నివేదికలో లేవు, సవరణలో చేర్పించాము.

కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడానికి అయ్యే రుసుము కొటేషన్‌లో లేదు. విశ్లేషకుడు ఉద్యోగం మానేస్తే ఎవరు వస్తారన్న ప్రశ్నకు ‘మా వాళ్లెవరో ఒకరు’ అన్నారు. నకలు తీయించడానికి ఈ ల్యాబ్‌కు మళ్లీ వెళతాను. నివేదిక కూడా కావాలంటే, బోనెక్కే మనిషి పేరు, అందుకయ్యే రుసుము రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కడతాను.