బండి వయసు: పద్దెనిమిదా, ఇరవై ఒకటా, మెట్ల లైసెన్సా?

ఇంటర్ పిల్లలు బండి మీద పోయి పడ్డారంటే చాలు, హన్మకొండ చౌరస్తా నుంచి పరకాల చాయ్ బండి దాకా ఒకటే మాట: లైసెన్సు వయసు ఇరవై ఒకటి చేయాలె. వినడానికి బాగుంది. కానీ ఆ పడ్డ పిల్లలకు పదహారో పదిహేడో. పద్దెనిమిది అన్న గీతనే దాటి వచ్చినోళ్లు, ఇరవై ఒకటి దగ్గర ఆగుతారా?

ముందు ఇప్పుడున్న లెక్క. 1988 మోటారు వాహనాల చట్టం 4వ సెక్షన్ ప్రకారం బండికైనా కారుకైనా 18 నిండాలి. కిరాయికి నడిపే ఆటో, ట్రాలీ, లారీ లాంటివాటికి 20. ఒక్క 50 సీసీ లోపు బండికి మాత్రం, తల్లిదండ్రులు రాసి ఒప్పుకుంటే, 16కే ఇస్తారు. ఈ మినహాయింపు కాగితం మీదనే మిగిలింది, అంత చిన్న పెట్రోలు బండ్లు ఇప్పుడు షోరూముల్లో దొరకవు. ఊళ్లల్లో చాలామంది ‘ఎక్సెల్‌కు లైసెన్సెందుకు’ అంటారు. ఎక్సెల్ 100 ఇంజను 99.7 సీసీ. పేపరు మీద దానికీ స్ప్లెండరుకూ వయసులో తేడా లేదు.

వయసు పెంచమనేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. పదహారేళ్లవాడికీ ఇరవయ్యేళ్లవాడికీ దుడుకులో తేడా ఉంటుంది, వెనక దోస్తు కూర్చుంటే ఆ దుడుకు ఇంకింత పెరుగుతుంది. న్యూజిలాండ్ 2011లో నేర్చుకునే వయసును 15 నుంచి 16కు జరిపింది. అయితే కొత్తగా నడిపేవాళ్లకు గండం రెండు వైపుల నుంచి వస్తుంది. ఒకటి వయసు, రెండోది అనుభవం లేకపోవడం. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలలే ఎవరికైనా ఎక్కువ ప్రమాదం. వయసు పెంచితే ఆ తొలి నెలలు వాయిదా పడతాయి, మాయం కావు.

మన రోడ్డు మీద ఇది ఎట్లుంటుందో చూడండి. కోతల కాలంలో నర్సంపేట, హుజూరాబాద్ వైపు ఊరి రోడ్లకు సగం మేర వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, రాత్రయితే నల్ల టార్పాలిన్ కప్పుతారు. 40 మీద పోతున్నప్పుడు చూసి బ్రేకు మీద చెయ్యి పడేలోపు, ఒక్క సెకను అనుకున్నా, 11 మీటర్లు దాటిపోతుంది. పొడి తారు మీద ఆగడానికి ఇంకో 12. అదే 60 మీద 17, ఆ తర్వాత 28, మొత్తం 45 మీటర్లు. పాత బండి డిమ్ లైటు అంత దూరం చూపదు. కొత్తవాడు వడ్ల మీదికి ఎక్కినంక కాలితో వెనక బ్రేకు తొక్కుతాడు. గింజలు గోలీల్లా దొర్లుతాయి, చక్రం బిగుసుకుంటుంది, బండి అడ్డం తిరుగుతుంది. చేయాల్సింది ఏమంటే, వడ్లు రాకముందే శుభ్రమైన తారు మీద రెండు బ్రేకులతో వేగం దించాలి. ఎక్కినంక బ్రేకు ముట్టకుండా, హ్యాండిలు తిప్పకుండా నేరుగా దాటాలి. ఇరవై ఒకటో ఏట మొదటిసారి బండెక్కినోడికి కూడా ఇది పుట్టుకతో రాదు. ఆర్టీఏ ట్రాకు మీద ఎనిమిది అంకె తిప్పితే కూడా రాదు. అక్కడ బ్యాలెన్సు తెలుస్తది, చీకట్లో ఆగడం తెలియదు.

వయసు పెంచితే వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. పాలిటెక్నిక్ పిల్లలు, పత్తి ఏరే కాలంలో పొలానికి తిరిగేవాళ్లు, డెలివరీ పని చేసుకునే పద్దెనిమిదేళ్లవాళ్లు బండి దిగరు. లైసెన్సు ఉన్నవాళ్లు లేనివాళ్లయిపోతారు. అప్పుడు ఇన్సూరెన్సు పోతుంది. సొంత బండికి క్లెయిము రాదు. ఎదుటివాడికి కంపెనీ ముందు కట్టినా, ఆ డబ్బు తిరిగి బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. మన దగ్గర అంటే అది అయ్య పేరు మీదున్న ఎకరం మీదికి వస్తుంది.

రెండో దారి, 18ని అట్లనే ఉంచి గట్టిగా అమలు చేయడం. చట్టంలో పదును బాగానే ఉంది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండితో నేరం చేస్తే తండ్రి లేదా యజమాని మీద కేసు, మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 నిండేదాకా లైసెన్సు రాదు. ‘నాకు తెలియకుండా తీసుకపోయిండు’ అని బయటపడాలంటే రుజువు చేసుకోవాల్సింది తండ్రే. తాళంచెవి తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటే ఆ రుజువు కష్టం. ఈ దారిలో లోటు ఒక్కటే: వయసు ముఖం మీద రాసి ఉండదు. ఆపి అడిగితే గాని కానిస్టేబులుకు తెలియదు, ఆపడం టౌను చౌరస్తాల్లోనే జరుగుతుంది.

మూడో దారి మెట్ల లైసెన్సు, అంటే మొదట చిన్న బండి, కొన్ని షరతులు, అనుభవం వచ్చినకొద్దీ మెట్టు మెట్టుగా పెద్ద బండి. ఇక్కడే అది మెరుగు. బ్రిటన్‌లో 16కు మోపెడు, 17కు 125 సీసీ, 19కి 35 కిలోవాట్ల శక్తి దాకా ఉన్న బండి, నేరుగా పెద్ద బండికి 24. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్సు వచ్చినంక, కొత్తగా నడిపేవాడని చెప్పే ఎర్ర ‘పీ’ పలక 12 నెలలు, పచ్చది 24 నెలలు. పలక యాభై అడుగుల నుంచి కనబడుతుంది, వెనక ఎవరూ ఎక్కొద్దన్న షరతు ఉంటే ఎక్కిన మనిషి కనబడతాడు, రాత్రి షరతు ఉంటే తొమ్మిది అయిందో లేదో గడియారం చెబుతుంది. అమలు చేసేవాడికి ఇంతకంటే సులువు ఏముంది? మనకు కుట్టాలంటే నా లెక్క ఇది: 18కి 110 సీసీ లోపు, మొదటి ఏడాది వెనక ఎవరూ ఎక్కకూడదు, రాత్రి తొమ్మిది దాటి హైవే ఎక్కకూడదు. 20కి అంతకు పైన. ఇప్పటి లెర్నింగు లైసెన్సులో మెట్ల బీజం ఉంది, ఆరు నెలల గడువు, ఎర్ర ‘ఎల్’, నేర్పేవాడు తప్ప ఇంకెవరూ వెనక కూర్చోవద్దు. కానీ 30 రోజులకే పరీక్షకు పోవచ్చు. అది ఒక్క కోత కాలం కూడా కాదు, వాన, పొగమంచు, వడ్లు ఏవీ ఎదురుకావు. దాన్ని ఆరు నెలలు చేస్తే వయసును మూడేళ్లు పెంచినదానికంటే ఎక్కువ పని చేస్తుంది.

చట్టం మారేదాకా ఇంట్లో పదహారేళ్ల పిల్లవాడుంటే? ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబరు నుంచి ఉచితం. మగపిల్లవాడికి స్టూడెంట్ పాసు తీయించండి. కాలేజీ అయిదారు కిలోమీటర్ల లోపుంటే సైకిలే మేలు. లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటరు కొనాలనుకుంటే, మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 దాటకుండా ఉండాలి. హన్మకొండ గల్లీల్లో అది పనికొస్తుంది. లారీలు 70 మీద వచ్చే ములుగు రోడ్డు మీద 25తో పోవడమే ఒక ప్రమాదం. కొనేముందు ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఖాళీ రోడ్డు మీద యాక్సిలేటరు పూర్తిగా తిప్పి చూడండి. ‘ఒక వైరు తీస్తే 45 పోతది అన్నా’ అని అమ్మేవాడు చెబితే కొనకండి. వైరు తీసిన నిమిషం నుంచి అది రిజిస్ట్రేషను లేని, ఇన్సూరెన్సు లేని మోటారు బండి.