కొరియన్ నటుడు హ్యున్ బిన్‌కి నటన రాదనేవాళ్లకి ముందు ఏది చూపించాలి?

"అందగాడే, కానీ మొహంలో ఒక్క భావమూ పలకదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. జవాబుగా రెండు సిరీస్‌లున్నాయి: 2010లో మొదలైన 'సీక్రెట్ గార్డెన్', 2019లో మొదలైన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'.

సమయం: మొదటిది 20 ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైచిలుకు. రెండోది 16, కానీ నిడివి ఎక్కువ. పెద్ద తేడా లేదు.

నటన: మొదటిదాంట్లో పొగరుబోతు డిపార్ట్‌మెంట్ స్టోర్ యజమాని. మధ్యలో స్టంట్ అమ్మాయి ఆత్మ అతని శరీరంలోకి వస్తుంది. నడక, కూర్చునే తీరు, చూపు అన్నీ మారిపోతాయి. భావం పలకనివాడు ఇది చేయగలడా?
రెండోదాంట్లో ఉత్తర కొరియా కెప్టెన్. మాటలు తక్కువ, అంతా కళ్లతోనే. రాత్రి సంతలో తప్పిపోయిన హీరోయిన్ సే-రి కోసం జనం మధ్య సువాసన కొవ్వొత్తి ఎత్తి పట్టుకుని నిలబడతాడు చూడండి. ఆ మొహంలో కంగారు, ఊరట రెండూ ఒకేసారి కనిపిస్తాయి. నాకైతే అతని కెరీర్‌లోనే గొప్ప సీన్ అది.

రిస్క్: మొదటిదాంట్లో హీరో బలవంతం చేసే సీన్లు ఇప్పుడు ఇబ్బంది పెడతాయి, సమర్థించను. రెండోదాంట్లో ఆ బాధ లేదు.

కొరియన్ సిరీస్‌లు కొత్తైతే, ఇంట్లో అమ్మతో కలిసి చూడాలంటే 'క్రాష్ ల్యాండింగ్'. ఎదుటివాళ్లు వాదనకే దిగితే మాత్రం 'సీక్రెట్ గార్డెన్', అదీ ఆత్మలు మారే ఎపిసోడ్ల దాకా ఆపకుండా.