పాత టీ-షర్టులతో పిల్లల చెడ్డీలు: చాలాకాలం వాడాక తేలినవి

డబ్బు మిగులుతుందని ఈ పని మొదలుపెట్టేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, పెద్దగా ఏమీ మిగలదు. షాపులో ప్యాకెట్ చెడ్డీలు చవగ్గానే వస్తాయి. ఎలాస్టిక్, దారం, పైగా ఒక్కోదానికి పట్టే అరగంట లెక్కేసుకుంటే తేడా అంతంతమాత్రం. అయినా మా పాపకీ బాబుకీ ఇంకా కుడుతున్నానంటే అది గుడ్డ కోసమే. మా విజయవాడ ఎండలకి పిల్లలకి నడుము దగ్గర, తొడల సందుల్లో చెమటకాయలు లేస్తాయి. ఏళ్ల తరబడి ఉతికిన కాటన్ టీ-షర్టుకుండే మెత్తదనం కొత్త గుడ్డకి రాదు. ముడుచుకోవాల్సినదంతా ముడుచుకుపోయి ఉంటుంది, పోవాల్సిన రంగంతా పోయి ఉంటుంది. వెనకాల గుచ్చుకునే లేబులూ ఉండదు.

అలాగని అన్ని పాతబట్టలూ పనికిరావు. మా వారి రౌండ్ నెక్ టీ-షర్టుల్లో చేతికి కాస్త మందంగా తగిలేవి అన్నిటికంటే బాగా నిలిచాయి. బనియన్లు మెత్తనే, కానీ మన చేతికి వచ్చేసరికే పల్చబడి ఉంటాయి, కొద్ది నెలల్లో పిర్రల దగ్గర చిల్లులు పడతాయి. కాలర్ టీ-షర్టుల గుడ్డ గరుకు. క్రికెట్ జెర్సీల జోలికి అసలు పోవద్దు, పాలిస్టర్ చెమట పీల్చదు. ఏ గుడ్డో అనుమానంగా ఉంటే చిన్న ముక్క పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. కాటన్ అయితే బూడిద రాలుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

మా అత్తయ్య తన పాత నేతచీర ఇచ్చి, ఇంతకంటే మెత్తటిది ఏముంటుంది అన్నారు. మెత్తదనం నిజమే. కానీ చీర గుడ్డ సాగదు, అంచుల్లో పోగులు ఊడతాయి. దాంతో వదులుగా ఉండే బ్లూమర్లు చక్కగా కుదిరాయి, రాత్రిళ్లు పిల్లలకి అవే వేస్తున్నా. ఒంటికి పట్టి ఉండే చెడ్డీకి మాత్రం వద్దు. పిల్లలు గొంతుక్కూర్చుంటే కుట్టు పక్కన చిరుగుతుంది.

టీ-షర్టులో కూడా ఎక్కడ కత్తిరిస్తున్నామన్నది ముఖ్యం. చంకలు, భుజాలు అరిగిపోయి ఉంటాయి. వీపు కింది భాగం గట్టిగా ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ పల్చబడిందో కనిపిస్తుంది. రబ్బరు ప్రింటున్న మేర వదిలేయాలి, గాలాడదు. పెద్దవాళ్ల టీ-షర్టు ఒకటి విప్పితే నాలుగైదేళ్ల పిల్లలకి రెండు మూడు వస్తాయి. సరిపోతున్న చెడ్డీని పేపరు మీద పరిచి, చుట్టూ సెంటీమీటరు వదిలి గీసుకుంటే అదే కొలత. గుడ్డ ఎక్కువ సాగే వైపు నడుము చుట్టూ రావాలి. కాళ్ల మధ్య రెండు పొరలు తప్పనిసరి, బాబుకైతే ముందు వైపు కూడా.

సూది విషయంలో పిసినారితనం వద్దు. 11 నంబరు బాల్‌పాయింట్ సూది, అంటే మొన గుండ్రంగా ఉండేది, వేయండి. మామూలు సూది గుడ్డ పోగుల్ని తెంపుతుంది, ఆ చిల్లులు ఉతికేకొద్దీ పెద్దవవుతాయి. జిగ్‌జాగ్ కుట్టున్న మిషనైతే హాయి. మా అమ్మ వాళ్లింట్లో కాలి మిషను మీద తిన్న కుట్టు ఒక్కటే పడుతుంది. దాని మీద గుడ్డని కొద్దిగా సాగదీసి పట్టుకుని కుట్టి, పక్కనే ఇంకో కుట్టు వేస్తే బాగానే ఆగింది, జిగ్‌జాగ్ అంత కాకపోయినా.

ఇన్నాళ్ల వాడకంలో గుడ్డ కంటే ముందు చచ్చేది ఎలాస్టిక్. మ్యాచింగ్ సెంటర్లో మీటరు కోయించుకునే ముందు గట్టిగా లాగి వదలండి, వెంటనే వెనక్కి రాకపోతే తీసుకోవద్దు. మరిగే నీళ్లు, డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండ రబ్బరుకి పడవు. లోబట్టలకి ఎండ తగలాల్సిందే అంటారు అత్తయ్య, ఆ మాటా కాదనలేను. అందుకని పొద్దుటి ఎండలో ఆరేసి పది దాటేలోపు తీసేస్తున్నా. నడుము ఎలాస్టిక్‌ని గుడ్డకే కుట్టేస్తే మార్చేటప్పుడు కుట్టు విప్పలేక ప్రాణం పోతుంది. పై అంచు మడిచి కుట్టి, అంగుళం సందు ఉంచి, ఎలాస్టిక్‌ని పిన్నీసుతో దూర్చడమే మేలు. వదులైనప్పుడు మార్చడం చిటికెలో పని. ఎలాస్టిక్ పొడవు నడుము కొలత కంటే రెండంగుళాలు తక్కువ ఉంటే చాలు.

కాళ్ల దగ్గర ఎలాస్టిక్ పూర్తిగా మానేశాను. అదే టీ-షర్టు నుంచి అంగుళంన్నర వెడల్పు పట్టీని అడ్డంగా కత్తిరించి, కాలు పట్టే చోటు చుట్టుకొలతలో సుమారు 85 శాతం పొడవుంచి, మడిచి కుడుతున్నా. తొడల మీద ఎర్రటి గీతలు పోయాయి. సాగే లైక్రా దారం కలిసిన గుడ్డైతే పట్టీ బిగువు నిలుస్తుంది. అచ్చం కాటన్ అయితే సాయంత్రానికి కాస్త జారుతుంది, ఉతికితే మళ్లీ దగ్గరపడుతుంది.

బాబుకి ఏది తొడిగినా పరుగే. పాపకి మాత్రం బొమ్మ కావాలి. దాని పొట్టి టీ-షర్టు మీది కుందేలు బొమ్మని కత్తిరించి వెనకాల అతికించాక గొడవ సద్దుమణిగింది. అదీ రబ్బరు ప్రింటే, అక్కడ నా రూలు నడవలేదు. స్కూల్లో స్పోర్ట్స్ ఉన్న రోజులకి, ఊరెళ్లేటప్పుడు ఇప్పటికీ కొన్నవే వేస్తున్నా.