మొక్కకు నాలుగు స్టార్లు, చీటీకి సున్నా

నల్గొండ నుంచి మిర్యాలగూడ వైపు పోతుంటే రోడ్డు పక్కన గ్రీన్ నెట్ కట్టిన నర్సరీలు కనిపిస్తాయి కదా, వాటిలో ఒకదాని గురించి రాస్తున్నాను. పేరు చెప్పను. ఓనర్ మంచి మనిషి, మొక్కలను బాగానే చూసుకుంటాడు, నా పంచాయితీ అంతా కుండీకి కట్టిన చీటీతోనే.

పోయిన బతుకమ్మకు వారం ముందు గులాబీ కోసం వెళ్లాను. మూలన నెట్ కింద ఒక పెద్ద కుండీ, అందులో రెండడుగుల పైన పొడుగున్న ఆకులు, కుదురు నుంచి చుట్టూ విస్తరి కుట్టినట్టు విచ్చుకుని ఉన్నాయి. మధ్యలోంచి ఒక కాడ లేచింది, దాని కొసకు ఎలుక తోకలాంటి సన్నటి కంకి. గులాబీ మాట మర్చిపోయాను. చీటీ మీద 'ఆంథూరియం హుకెరి, ఇంపోర్టెడ్' అని మార్కర్‌తో రాసి ఉంది. ఎనిమిది వందలు చెప్పాడు, ఆరున్నర వందలకు ఇచ్చాడు. "పేరు కరెక్టేనా అన్నా?" అంటే "లోడ్ల అట్లనే రాసొచ్చిందక్కా, మనకేం తెలుసు" అన్నాడు. ఆ నిజాయితీకి ఒక స్టార్ అక్కడే ఇచ్చేశాను.

ఇంటికి తెస్తే మా అత్తమ్మ ఒకటే మాట, "ఇంత పైస పెట్టి పొగాకు తెచ్చినవా బిడ్డా?" నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ రాత్రి ఫోన్‌లో మొక్కల పేర్లు చెప్పే యాప్ తెరిచి ఫోటో కొడితే మొదటిసారి ఏదో ఫెర్న్ అంది, రెండోసారి నిజంగానే పొగాకు అంది. అత్తమ్మకు చూపించలేదు. మూడోసారి దగ్గరగా తీస్తే హుకెరి అంది. ఒకే మొక్క, పది నిమిషాల్లో మూడు పేర్లు. అసలు టెన్షన్ అక్కడ మొదలైంది.

మా ఆయనది ఇంకో అనుమానం, ఆంథూరియం అంటే ప్లాస్టిక్ లాగా మెరిసే ఎర్ర పువ్వు కదా, ఇదేంటి ఆకులే ఉన్నాయని. మనకు ఫంక్షన్ హాళ్ల స్టేజీల మీద కనిపించేది ఆంథూరియంలలో ఆండ్రియానమ్ అనే జాతి, దాని సంకరాలు. 1876లో ఎడువార్ ఆండ్రే అనే ఫ్రెంచ్ ఆయన దక్షిణ అమెరికా నుంచి యూరప్‌కు చేర్చిన మొక్క అది. ఆ ఎర్రటిది కూడా పువ్వు కాదు, రంగు మారిన ఆకు. అసలు పువ్వులు మధ్యలో ఉన్న కంకి మీద, ఆవగింజల్లా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. షాట్ అనే వృక్షశాస్త్రవేత్త 1829లో ఈ పేరు పెట్టింది కూడా ఆ కంకిని చూసే, గ్రీకులో పువ్వు, తోక అనే రెండు మాటలు కలిపితే ఆంథూరియం. మొత్తం వెయ్యి దాకా జాతులున్నాయి, అన్నీ మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికాలవి, కరీబియన్ దీవులవి. ఎర్ర పువ్వు పూసేవి అందులో ఎన్నో కావు. మన చామగడ్డ, కంద ఈ కుటుంబానివే, అందుకే ఆకు తుంపిన చేతితో కళ్లు నలుపుకోకూడదు, లోపల ఆ దురద స్ఫటికాలే ఉంటాయి. పేరు కోసం నేను పడిన తిప్పలు చూసి నర్సరీ ఆయన నవ్వినప్పుడు కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్న సామెత నా మీదే రాశారనిపించింది.

ముందు అసలు ఇది ఆంథూరియమేనా అన్నది తేల్చుకోవాలి. దానికి ముందు ఆకు ఆకారం కాదు, ఆకు కాడ చూడాలి. కాడ వెళ్లి ఆకుకు తగిలే చోట మోకాలి చిప్పలాగా చిన్న ఉబ్బు ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, ఆకు వెలుతురు వైపు తిరిగేది ఆ కీలు దగ్గరే. అది ఉంది. ఆకు అంచుకు కాస్త లోపలగా, అంచు వెంబడే పోయే ఈనె ఉంది. సరే, ఆంథూరియం ఖాయం. తర్వాత కొత్త మొవ్వు. మామూలు ఆంథూరియం చిగురు చుట్ట చుట్టినట్టు ఒకే గొట్టంలా వస్తుంది. దీనికి మాత్రం రెండంచులూ విడివిడిగా లోపలికి చుట్టుకుని, రెండు సన్న గొట్టాలు పక్కపక్కన అంటించినట్టు వచ్చింది. నాలుగు రోజులు పొద్దున టీ గ్లాసు పట్టుకుని దాని ముందే కూర్చున్నాను, అది విప్పుకునే తీరు చూస్తే బడికి పోవాలనిపించలేదు. అలా చుట్టుకునేవి పాకీన్యూరియం అనే గుంపులోవి. పక్షి గూడులా పెరిగే ఆంథూరియాలు చాలావరకు అవే. 1991లో మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌కు చెందిన థామస్ క్రోట్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ గుంపులో ఏ జాతులు వస్తాయో మొత్తం మళ్లీ పరిశీలించి సవరించాడు.

ఇక చీటీలోని హుకెరి. 1841లో కుంత్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టిన అసలు హుకెరి జాతికి ఆకు మీద, వెనక కూడా సన్నటి నల్ల చుక్కలు ఉండాలి, మిరియాల పొడి చల్లినట్టు. కాడ పొట్టిగా ఉండాలి. పెద్ద ఈనెల మధ్య చిన్న ఈనెలు నిచ్చెన మెట్లలా అడ్డంగా కనిపించాలి. నా మొక్క ఆకు తిప్పి, అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి వెతికాను. ఒక్క చుక్క లేదు. దుమ్మేమో అనుకున్న ఒకటి తడిగుడ్డతో తుడిస్తే పోయింది. కాడ జానెడు పొడుగుంది. చిన్న ఈనెలు వలలాగా ఎటుపడితే అటు పోతున్నాయి. అయినా పూర్తిగా నమ్మలేదు, మనకు తెలియని తేడాలు ఎన్నో ఉంటాయి కదా అని.

తేల్చింది పండు. నేను కొన్నప్పుడే ఆ కంకి మీద అక్కడక్కడ బొడిపెలు ఉన్నాయి, నర్సరీలోనే పుప్పొడి తగిలి ఉంటుంది. సంక్రాంతి దాటాక అవి ఉబ్బాయి, ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున చూస్తే రెండు పండ్లు కంకిలోంచి బయటికి తోసుకొచ్చి సన్నటి దారాలకు వేలాడుతున్నాయి. ముదురు ఎరుపు, గురివింద గింజంత. హుకెరి పండు తెల్లగా ఉంటుంది. దాంతో చీటీ తప్పని తేలిపోయింది.

మరి ఇదేం జాతి? అంచులు అలలు తిరిగి ఉంటే ఇదే గుంపులోని ప్లౌమానీ అనే జాతి అని అనుకునేదాన్నే, దీని అంచులు చాలావరకు నున్నగా ఉన్నాయి. నర్సరీల్లో ఇలాంటివి ఒకదానితో ఒకటి కలిసి పుట్టిన సంకరాలే ఎక్కువ, హుకెరి అన్న పేరు అన్నిటికీ తగిలిస్తారు. ఎక్కడ పుట్టిందో తెలియని మొక్కకు జాతి పేరు గట్టిగా చెప్పడం కుదరదు. అందుకే నా డైరీలో 'పాకీన్యూరియం గుంపు, ఎర్ర పండు, చుక్కలు లేవు' అని రాసుకున్నాను, అంతకు మించి రాస్తే నేనూ ఇంకో చీటీ కట్టినట్టే.

నర్సరీ మీద అసలు ఫిర్యాదు వేరే ఉంది. కుండీలో ఎర్రమట్టి గట్టిగా దట్టించారు. ఇవి చాలావరకు చెట్ల మీద, రాళ్ల మీద పెరిగే మొక్కలు, వేర్లకు గాలి కావాలి. నేను నెలలోపే తీసి కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు, ఇటుక పెంకులు కలిపి మార్చాను, అప్పటికే రెండు వేర్లు మెత్తబడి ఉన్నాయి. ఎర్ర పువ్వుదాన్ని ఒకటి అక్కడే కొన్న మా తోటి టీచర్ ఆ మట్టిలోనే ఉంచింది, అది నెల దాటలేదు. నీళ్ల సంగతి మన నల్గొండ వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, బోరు నీళ్లు చల్లితే ఆకంతా తెల్లటి మరకలే. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి పోస్తున్నాను, వానాకాలం అయితే డాబా నీళ్లు. ఎండాకాలం మాత్రం వరండాలో ఉత్తరం వైపు పెట్టి, కింద తడి ఇసుక పళ్లెం పెట్టాల్సిందే, మన మే నెలకు ఇలాంటి మొక్క ఏం తట్టుకుంటుంది.

పండ్లు కోసి, చీటీ పట్టుకుని మళ్లీ వెళ్లాను. కొట్లాడదామని కాదు, చూపిద్దామని. ఆయన గుజ్జు పిసికి గింజలు బయటికి తీసి, ఇవి ఎండితే మొలవవక్కా అంటూ అప్పటికప్పుడే తడి పీచులో పెట్టేశాడు. ఆ పని తెలిసిన చేతికే ఇంకో స్టార్. మొన్న వెళ్తే నాలుగు మొలకలు చూపించి "ఏం పేరు రాయాలె అక్కా?" అన్నాడు. పేరు తెలియదని రాయమన్నాను. "అట్ల రాస్తే ఎవరు కొంటరు?" అని ఆలోచించి 'ఎర్రపండు ఆంథూరియం' అని రాశాడు. ఇప్పటిదాకా ఆ నర్సరీలో నేను చూసిన సరైన చీటీ అదొక్కటే.

వెళ్లాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, లోడ్ దిగిన మర్నాడైతే మంచి కుండీలు దొరుకుతాయి. ఫోన్‌పే ఉంది. బండి చింతచెట్టు కింద పెట్టుకోవచ్చు, కానీ కారు తిప్పుకోవడం కష్టం. కుండీతో పాటు ఒక సంచి పీచు ముక్కలు కూడా అక్కడే అడిగి తీసుకోండి, బయటికన్నా తక్కువకే ఇస్తాడు.